త్రోవయు నొకరిదే, మాటయు నొకరిదే

పత్రికలెన్ని యున్నవని లెక్కించుట సులభము. వాని వెనుక యజమానులెందరని లెక్కించుట కష్టము. మొదటి లెక్కను చూపి మన దేశమున భావప్రకటన స్వాతంత్ర్యము మూడు పూవులు ఆరు కాయలుగ నున్నదని మురియువారు రెండవ లెక్క జోలికి పోరు. ఆ రెండవ లెక్క ఎవరికి గట్టిగ తగులునో తెలియవలెనన్న మహానగరములను విడిచి, మదుర నుండి తిరునెల్వేలికి పోవు రైలుమార్గముననున్న విరుదునగరమునకును, దానికి దక్షిణముననున్న కోవిల్‌పట్టికిని పోవలెను.

అది నల్లరేగడి సీమ. ప్రత్తి, మిరప, అగ్గిపెట్టెలు, వేరుసెనగ మిఠాయి. వీని మూలముననే ఆ యూళ్ల పేర్లు చెన్నపట్టణమున వినబడుచుండును. అచ్చటి పల్లెలలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు వేలకొలదిగ గలవు. కమ్మవారు, రెడ్లు, నాయకులు మున్నగువారి పూర్వులు విజయనగర ప్రభువుల కాలమునను, మదుర నాయకరాజుల కాలమునను ఈ నేలకు వచ్చి స్థిరపడిరి. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన ఇంటిభాషయు తెలుగే. 1799లో ఆయనను కుంపిణీవారు ఉరిదీసిన కయత్తారు కోవిల్‌పట్టికి చేరువనే యున్నది. ఇది మన రాజధానిలోని తెలుగు వకీళ్లకు, వైద్యులకు, ఉద్యోగులకు తెలియని సంగతి కాదు గాని, తలపునకు వచ్చుట మాత్రము అరుదు.

ఈ తెలుగువారి స్థితిలో ఒక విశేషము గలదు. వారు తెలుగు మాటలాడుదురు. కాని వారిలో పెక్కుమంది తెలుగు చదువజాలరు. బడిలో నేర్చిన లిపి తమిళము. కోవిల్‌పట్టి సమీపమున ఇడైసెవల్ గ్రామమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. తెలుగు నేలనుండి తరలివచ్చిన వారి సంతతి కథను ఆయన చెప్పినది తమిళమున. 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది తమిళ నవలకు. దీనికి వారిని నిందించుట తగదు. ఇంటిలో వినబడు భాషకు బడిలో అక్షరము లేనప్పుడు మనుష్యుడు చేయగలిగినది అంతే. దాని ఫలితమొకటి మాత్రము మనము గ్రహింపవలెను: తెలుగు పత్రిక యెన్నడును వారి పత్రిక కాలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఆంధ్రపత్రికను చెన్నపట్టణమున దినపత్రికగ మార్చిరి. 1938లో అచ్చటనే ఆంధ్రప్రభ పుట్టినది. వీనిని చదువుటకు మైలాపూరున, జార్జిటౌనున పాఠకులుండిరి. కోవిల్‌పట్టి రైతు దానిని తిరగేసి బొమ్మలు చూడగలడు, అంతకుమించి లేదు.

కావున టెలివిజను వచ్చినపుడు ఆ యిండ్లలో జరిగినది మన ఇండ్లలో జరిగినదానికంటె పెద్ద సంగతి. అక్షరము రానివానికి గూడ మాట వినవచ్చును గదా. తాతల తండ్రులనాడు విడిచివచ్చిన భాష మరల నడింటిలో వినబడసాగెను. ఆ మాట మన కోస్తా మాటయో, హైదరాబాదు మాటయో కావచ్చును. కరిసల్ కాటి తెలుగునకు దానికి చాల దూరము. అయినను అది తెలుగు. ఈ సీమ తెలుగువానికి పత్రిక, రేడియో, సినిమా హాలు, సాహిత్య సభ అన్నియు ఆ ఒక్క పెట్టెలోనే యున్నవన్నచో అతిశయోక్తి కానేరదు. అట్టివానికి ఆ పెట్టెలోనికి వచ్చు తీగ ఎవనిది, ఆ తీగలో వచ్చు మాట ఎవనిది యను ప్రశ్న, రెండు పత్రికలు నాలుగు ఛానెళ్లు తిరగేసి చూచుకొను మనకంటె నెక్కువ ముఖ్యము.

ఆ ప్రశ్నకు జవాబు తమిళనాట చాలకాలము ఒకే దిక్కునకు చూపుచుండెను. కళానిధి మారన్ గారి సన్ టి.వి. 1993లో తమిళమున ఆరంభమైనది. మరుసటి యేడు కన్నడమున ఉదయ, 1998లో మలయాళమున సూర్య వచ్చినవి. 1995లో మొదలైన తెలుగు జెమినీ కొంతకాలమునకు ఆ గూటికే చేరినది. 2003 నుండి సూర్యన్ ఎఫ్.ఎం. రేడియో తిరునెల్వేలిలో సైతము మ్రోగసాగెను. 2005లో దినకరన్ అను తమిళ దినపత్రికను కొనిరి. 2007లో ఇంటిపైని గిన్నె ద్వారా ఛానెళ్లనందించు సన్ డైరెక్ట్ వచ్చినది. ఆ వెంటనే చలనచిత్రములు, 2012లో హైదరాబాదు పేరున క్రికెట్టు జట్టు. వీనియన్నిటికంటె ముఖ్యమైనది, జనుల కంట బడనిది మరొకటి గలదు: చెన్నపట్టణమున నెలకొని ఇతర నగరములకు వ్యాపించిన సుమంగళి కేబుల్ విజన్. ఛానెలు వేరు, ఛానెలును ఇల్లు చేర్చు తీగ వేరు. ఈ రెండును ఒక కుటుంబము చేతిలోనికి వచ్చినవి. ఆ కుటుంబము రాష్ట్రమున పలుమారులు అధికారమునందుండిన పార్టీ నాయకుని బంధువర్గము. యజమాని సోదరుడు 2004 నుండి 2007 వరకు కేంద్రమున సమాచార సాధనముల శాఖకు మంత్రి.

విరుదునగరపు వర్తకునికి దీనిని వివరింప నక్కరలేదు. పప్పుధాన్యములకు, నూనెలకు, మిరపకు ఆ యూరి ధరలు పత్రికలలో ప్రత్యేకముగ అచ్చగుచుండును. సరకు నాది, గిడ్డంగి నాది, తక్కెడ నాది, ఊరిలోనికి వచ్చు బాటయు నాది యని యొకడు చెప్పినచో ఆ బజారున మరునాటి ధర ఎవరు నిర్ణయింతురో అచ్చటి గుమాస్తాకు గూడ తెలియును. ప్రక్క కొట్టువాని బండి బాటమీదికి రావచ్చునని కాగితము మీద వ్రాసియుండును. రాత్రివేళ రావలెననియో, ఊరి చివర దించవలెననియో మాత్రము షరతు. కేబులులో ఇది సంకేతము మసకగ వచ్చుటగను, ఛానెలు సంఖ్య ఆరునుండి తొంబది యారునకు మారుటగను కనబడగలదు. దానిని నిషేధమని నిరూపించుట ఏ వకీలుకైనను దుర్ఘటము.

మన శాసనములకు ఈ విషయమున పాత జబ్బు ఒకటి గలదు; అది కాగితముపైని పేరును చూచును గాని, డబ్బుసంచి పట్టినవానిని చూడదు. కోవిల్‌పట్టికి కూతవేటు దూరముననున్న ఎట్టయపురమున పుట్టిన సుబ్రహ్మణ్య భారతి ‘ఇండియా’ వారపత్రికను నడపుచుండగా 1908లో రాజద్రోహ నేరము వచ్చినది. శిక్షపడినది పత్రికపై పేరున్న శ్రీనివాసన్‌కు. వ్రాసిన భారతి పుదుచ్చేరి చేరెను. పెట్టుబడి పెట్టినవారు వేరు. 1867 నాటి ముద్రణాలయ చట్టమునకు కావలసినది ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు. నిజమైన యజమానితో దానికి పని లేదు. 1956లో నియమములు వచ్చి, ప్రతి పత్రికయు ఫిబ్రవరి మాసాంతము తరువాత మొదటి సంచికలో యజమాని పేరును, మూలధనమున నూటికొకటికి మించి వాటా గలవారి పేర్లను ప్రకటింపవలెననెను. ఆ ప్రకటనను చదివిన పాఠకుని నేనింతవరకు చూడలేదు. ఒక కంపెనీలో మరొక కంపెనీకి వాటా, దానిలో వేరొకదానికి. పేర్లు చదివినను మనుష్యుడు దొరకడు. 1867 చట్టము పోయి, 2023లో చేసిన క్రొత్త చట్టము 2024 మార్చి నుండి అమలునకు వచ్చినది. మనుష్యుడు దాని క్రిందను సులభముగ దొరకడు.

యాజమాన్యము కొందరి చేత ప్రోగుపడుటను గూర్చి మన పెద్దలు ఆలోచింపలేదని కాదు. 1952లో నియమింపబడిన మొదటి ప్రెస్ కమిషన్, జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన, ఈ లెక్కనే మొదట తీసెను. అందులో మన మానికొండ చలపతిరావుగారు సభ్యులు. దేశమునందలి 330 దినపత్రికలలో 29 పత్రికలు అయిదుగురు యజమానులవి. మొత్తము చెలామణిలో 31.2 శాతము ఆ యైదుగురిదే. పదునైదుగురిని కూర్చినచో 54 పత్రికలు, చెలామణిలో సగము. పెద్ద పత్రిక తక్కువ ధరకు ఎక్కువ పుటలిచ్చి చిన్నదానిని నొక్కివేయకుండ పుటలకు తగిన ధర నిర్ణయింపవలెనని కమిషన్ సూచించెను. 1956లో చట్టము, 1960లో ఉత్తరువు వచ్చినవి. పూనా నగరపు ‘సకాల్’ పత్రికవారు సుప్రీంకోర్టునకు పోగా 1961లో న్యాయస్థానము ఆ రెంటిని కొట్టివేసెను. చెలామణిని తగ్గించు శాసనము వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని తీర్పు. సకాల్ పెద్ద గుత్తసంస్థ కాదు, ఒక ప్రాంతీయ పత్రిక; గుత్తాధిపత్యమునకు వేసిన వల చిన్న చేపకు చుట్టుకొని తెగినది.

1972లో కాగితపు కోటా వ్యాజ్యమున మరల అట్లే జరిగెను. అయితే ఆ తీర్పున జస్టిస్ కె.కె. మాథ్యూ ఒక్కరు భిన్నాభిప్రాయము వ్రాసిరి. వాక్స్వాతంత్ర్యము పలుకువానిదే కాదు, పలు భావములను వినవలసిన ప్రజలదియు నని వారి వాదసారము. మెజారిటీ తీర్పు శాస్త్రీయముగ సరియే కావచ్చును. నాకు మాత్రము భిన్నాభిప్రాయమే లోకానుభవమునకు దగ్గరగ తోచును. ఆయనయే తరువాత రెండవ ప్రెస్ కమిషన్‌కు అధ్యక్షుడై, పత్రికలను ఇతర వ్యాపారములనుండి విడదీయవలెనని 1982లో నివేదించెను. ఆ నివేదికకు పట్టిన గతి నివేదికలకు సామాన్యముగ పట్టునదే.

పెద్ద యజమాని సర్వదా దుష్టుడని చెప్పుట నా యభిప్రాయము కాదు. రామనాథ్ గోయెంకా ఎక్స్‌ప్రెస్ పత్రికలు 1975 నాటి అత్యయిక పరిస్థితిలో నిలిచి పోరాడినవి. చిన్న పత్రికకు అంత వెన్ను ఉండకపోవచ్చును. కాని ఆ గోయెంకాగారి చేతనే 1959లో ఏమి జరిగెనో చెన్నపురి తెలుగువారు మరువరాదు. మదరాసు కార్యాలయమున కార్మిక వివాదము పుట్టగా ఆంధ్రప్రభ విజయవాడకు తరలిపోయెను. మరుసటి యేడు నార్ల వెంకటేశ్వరరావుగారు అదే విజయవాడలో ఆంధ్రజ్యోతికి సంపాదకులైరి. రాష్ట్రము విడిపోయిన తరువాత ఎన్నడో యొకనాడు ఆ పత్రిక పోవలసినదే యనుకొందము. అయినను పోవు రోజును నిర్ణయించినది పాఠకులు కారు, సంపాదకులు కారు, యజమాని లెక్క.

ఇక కేబులు కథకు వత్తము. దీనిలో విషాదమును, హాస్యమును కలిసియున్నవి. 2006 జనవరిలో అన్నాడి.ఎం.కె. ప్రభుత్వము కేబుల్ వ్యవస్థలను స్వాధీనము చేసికొనుటకు శాసనసభలో బిల్లు ఆమోదింపజేసెను. అది అమలు కాకమునుపే ప్రభుత్వము మారెను. మరుసటి యేడు మే 9వ తేదీన దినకరన్ పత్రిక, కరుణానిధిగారి రాజకీయ వారసుడెవరను విషయమున ప్రజాభిప్రాయ సేకరణ ఫలితములను ప్రకటించెను. మదురలోని ఆ పత్రిక కార్యాలయముపై గుంపు పడి నిప్పంటింపగా ముగ్గురు ఉద్యోగులు మరణించిరి. వారు వారసులు కారు, వాటాదారులు కారు; జీతమునకు పనిచేయువారు. క్రింది కోర్టు 2009లో నిందితులను విడిచిపెట్టెను. 2019 మార్చిలో హైకోర్టు మదుర ధర్మాసనము తొమ్మండుగురికి యావజ్జీవ శిక్ష విధించెను.

ఆ మంటనుండి ఒక ప్రభుత్వ సంస్థ పుట్టుట వింత. కుటుంబములు విడిపోయినవి, మంత్రి పదవి పోయినది, సెప్టెంబరున కలైంజర్ టి.వి. వచ్చినది, అక్టోబరున తమిళనాడు అరసు కేబుల్ టి.వి. కార్పొరేషన్ స్థాపింపబడినది. ఏండ్ల తరబడి ప్రజలు కేబులు గుత్తను గూర్చి మొరపెట్టిన వినని చెవులకు ఇంటి తగవు రాగానే వినబడెను. 2008 డిసెంబరున కుటుంబములు మరల ఏకమైనవి. అరసు కేబులు నీరుగారెను. 2011లో జయలలితగారు అధికారమునకు వచ్చి దానిని మరల లేపిరి. నెలకు 70 రూపాయలకే ఇంటింటికి కేబులనిరి. కోవిల్‌పట్టి గృహిణికి అది నిజముగ లాభమే, కాదనరాదు. కాని ఇప్పుడు తీగ ప్రభుత్వము చేతిలోనికి వచ్చినది. ప్రభుత్వమును విమర్శించు ఛానెలు ప్రభుత్వపు తీగలోనే ఇంటికి పోవలెను. ప్రభుత్వములు ప్రసారరంగమున దిగరాదని టెలికాం నియంత్రణ సంస్థ 2008లోను, 2012లోను చెప్పియుండెను. అయినను 2017 ఏప్రిల్‌లో కేంద్రము అరసు కేబులునకు డిజిటల్ లైసెన్సునిచ్చెను. గుత్త పోలేదు, గుత్తదారు మారెను.

ఈలోపల జయ, కలైంజర్, మక్కళ్, కెప్టెన్ అని పార్టీకొక ఛానెలు పుట్టినది. దీనిని కొందరు బహుళత్వమందురు. ప్రతి కొట్టునకును ఒక జెండా యున్నచో అది సంతయగునా, ఊరేగింపగునా?

వకీలుకు ఇక్కడ మరొక చిక్కు. 1995లో క్రికెట్ సంఘపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఆకాశతరంగములు ప్రజల సొత్తనెను. మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు ఆ తీర్పున ప్రత్యేకముగ వ్రాయుచు, ప్రభుత్వపు గుత్త ఎంత చెడ్డదో ప్రైవేటు గుత్తయు నంతకు తక్కువ కాదని హెచ్చరించిరి. జెమినీ మొదలైన సంవత్సరమే అది. ఆ హెచ్చరిక శాసనరూపము తాల్చలేదు. అదే యేడు చేసిన కేబుల్ చట్టమున ఎవరు ఎన్ని తీగలు, ఎన్ని ఛానెళ్లు కలిపి పట్టుకొనవచ్చునను హద్దు లేదు. గిన్నె ద్వారా ప్రసారమునకు 2001లో నియమము వచ్చెను: ఛానెలు కంపెనీకి గిన్నె కంపెనీలో 20 శాతమునకు మించి వాటా ఉండరాదు. మంచిదే. కాని రెండు వేర్వేరు కంపెనీల వెనుక ఒకే మనుష్యుడు కూర్చున్నచో నియమము నోరు మెదపదు. అమెరికాలో ఒక యూరి పత్రికయు, ఆ యూరి ప్రసారకేంద్రమును ఒకరికే ఉండరాదని 1975లో నిబంధన చేసిరి, 2017లో తీసివేసిరి, 2021లో అచ్చటి సుప్రీంకోర్టు ఆ తీసివేతను నిలిపెను. మనము నిబంధన చేయనే లేదు గనుక తీసివేయు శ్రమ లేదు.

చెన్నపట్టణపు చిన్న కథ ఇప్పుడు దేశమంత పెద్దదైనది. రిలయన్స్ సంస్థ 2018లో డెన్, హాత్‌వే అను రెండు పెద్ద కేబుల్ కంపెనీలలో అధికవాటా గొనుటకు ఒప్పుకొనెను. జేబులోని ఫోనునకు తీగలేని త్రోవ అంతకుముందే వారిది. 2024 నవంబరులో స్టార్ ఛానెళ్లు వారి ఛానెళ్లతో కలిసినవి. ఆ కలయిక విలువ 70,352 కోట్ల రూపాయలని ప్రకటించిరి. దానితో తమిళ విజయ్, తెలుగు మా, రెండును ఆ గూటికే చేరినవి. తెలుగున వినోదపు ఛానెళ్లు ముఖ్యముగ నాలుగు. జెమినీ యజమాని చెన్నపట్టణమున, మా యజమాని బొంబాయిలో, జీ యజమానియు బొంబాయిలో. ఈటీవీ యొక్కటి హైదరాబాదుది. కోవిల్‌పట్టి ఇంటిలో తమిళ ఛానెలు నచ్చక తెలుగు ఛానెలునకు మీట నొక్కినవాడు పెక్కు పర్యాయములు ఒక యజమాని వాకిటనుండి ఆ యజమాని పెరటికే పోవుచున్నాడు.

2014 ఆగస్టున నియంత్రణ సంస్థ యాజమాన్యమును గూర్చి సమగ్రమైన సిఫారసులు చేసెను. పార్టీలు, మతసంస్థలు, ప్రభుత్వములు ఈ రంగమున ఉండరాదనెను. వార్తల విషయమున ఒక సంస్థకు టెలివిజనులోను, పత్రికలోను గల బలమును కొలుచుటకు ఒక లెక్క పెట్టెను. ఒక్కొక్కరి వాటాను దానితోనే హెచ్చించి, అన్నిటిని కూడి, మొత్తము ఒక హద్దు మించినచో కొంత విడిచిపెట్టవలెననెను. లెక్క మంచిది. అది నేటికిని చట్టము కాలేదను విచారమొకటి యుండగా, అది చట్టమైనను మన కోవిల్‌పట్టివారికి ఒరుగునదేమని చూచితిని. బజారనగా ఏదియను ప్రశ్నకు ఆ పత్రము చెప్పిన జవాబు: ఒక భాష, ఆ భాష అధికసంఖ్యాకులదైన రాష్ట్రము. తమిళమునకు తమిళనాడు, తెలుగునకు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు. విరుదునగరపు తెలుగువాడు తమిళ బజారున తమిళుడుగ లెక్కకు వచ్చును. తెలుగు బజారున లెక్కకే రాడు. తమిళనాట తెలుగు ఛానెళ్లన్నియు రేపు ఒకని చేతిలో పడినను, నాలుగును రుసుము పెంచి మూటలో చేరక పోయినను, ఆ కొలబద్దమీద చుక్క కదలదు.

2022 ఏప్రిల్‌లో ఇదే విషయమున ఆ సంస్థ మరల సంప్రదింపు పత్రమును వెలువరించి అభిప్రాయములను కోరెను. అట్టి పత్రములు ఇంగ్లీషున నుండును. జవాబులు పంపువారు కంపెనీలు, వారి వకీళ్లు. కోవిల్‌పట్టి కేబుల్ చందాదారుడు పంపడు. మన నగరమున తెలుగు సంఘములకు కొదువ లేదు. వానిలో న్యాయవాదులకును, ఆడిటర్లకును కొదువ లేదు. ఉగాదికి కవిసమ్మేళనము, సంక్రాంతికి ముగ్గుల పోటీ జరుపుచున్నారు. ఇటుపై అట్టి పత్రము వెలువడినపుడు రెండు మాటలు వ్రాసి పంపవచ్చును: బజారును రాష్ట్రముతో కాక, వినువారితో కొలువవలెననియు, తీగ గలవాడు తన తీగలో నడచు ఛానెళ్లలో తనకును తన వారికిని గల వాటాను సంవత్సరమునకొకసారి జనుల భాషలో, చందా రసీదుమీదనే అచ్చువేయవలెననియు. రసీదు కోవిల్‌పట్టిలో తమిళముననే యుండును. దానిని వారు చదువగలరు.